బేస్‌మెంట్ మీదుగా ఫ్రాన్సు

వయసు పైబడితే మనిషి మెత్తబడతాడని అందరూ అంటారు. నాకేమీ అలా జరగలేదు. జుట్టు తెల్లబడింది, మోకాళ్ళు అరిగాయి, పొద్దున్నే బీపీ మాత్ర వేసుకుంటున్నాను. కోపం మాత్రం ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. మొన్నీమధ్య ఒక శనివారం మధ్యాహ్నం మిల్టన్‌లో మా ఇంటి హాల్లో డాక్టరంకుల్‌ని సోఫాలో కూర్చోబెట్టి, టీవీలో నా ఫ్రాన్సు సైకిల్ యాత్ర ఫోటోలు చూపించాను. ఒక్కటి కూడా వదల్లేదు. మసకగా వచ్చినవి, నా బొటనవేలు అడ్డం పడ్డవి, ఒకే కోటని ఒకే మూల నిలబడి మళ్ళీ మళ్ళీ తీసినవి, అన్నీ. వంటింట్లో పులిహోర, గుత్తివంకాయ, గారెలు సిద్ధంగా ఉన్నాయి. ఘుమఘుమలు హాలంతా కమ్ముకున్నాయి. అయినా ఫోటోలయ్యేదాకా ఆయనకి మంచినీళ్ళు తప్ప ఏమీ ఇవ్వలేదు. తొంభైకి దగ్గరపడ్డ మనిషిని అలా కూర్చోబెట్టడం ఏం పని అని మీకనిపించవచ్చు. ఆయనకి షుగర్ లేదు, కనుక్కున్నాకే చేశాను. మిగతాది విన్నాక మీరే చెప్పండి.

నా చిన్నతనం రెజైనాలో గడిచింది. నాన్నకి అక్కడ యూనివర్సిటీలో ఉద్యోగం వస్తే, ఐదో క్లాసు మధ్యలో నన్ను మన దేశం నుంచి తెచ్చి ఆ మంచులో పడేశారు. ఇప్పుడా ఊళ్ళో ఏ బస్సెక్కినా మన స్టూడెంట్లే. అప్పుడు తెలుగువాళ్ళ ఇళ్ళు చేతివేళ్ళు దాటవు. కిరాణా షాపులో పొరపాటున ఎక్కడైనా తెలుగు మాట వినబడితే మా అమ్మ సామాను బండి అక్కడే వదిలేసి పరిగెత్తేది. కరివేపాకు లేదు. గోంగూర మీద బెంగతో పుల్లగా ఉండే రూబార్బ్ కాడలు తెచ్చి, ఎండుమిర్చి వేసి పచ్చడి నూరుకునేవాళ్ళు. చలికాలం తలుపులు బిగించుకుని మిరపకాయలు వేయించితే ఇల్లంతా దగ్గే.

ఆ ఊళ్ళో మాకు పెద్దదిక్కు డాక్టరంకుల్. మేం దిగిన రోజు ఎయిర్‌పోర్టుకి అందరికీ చలికోట్లు పట్టుకుని వచ్చినవాడు ఆయన. మొదటి శీతాకాలం మేమున్నది వాళ్ళ బేస్‌మెంట్‌లోనే. కాబట్టి ఆయన మంచివాడు కాదని నేననడం లేదు. మంచివాళ్ళ మీద పగ నిలుపుకోవడం చాలా కష్టం. నేను కష్టపడ్డాను.

ఆయనకొక పిచ్చి ఉండేది. పుట్టింది యానాం పక్క పల్లెలో. చిన్నప్పుడు యానాంలో దొరలు మాట్లాడే ఫ్రెంచి చెవిన పడిందట, ఇక ఆ దేశాన్ని మేనమామ ఊరిలాగా చెప్పుకునేవాడు. ప్రతి వేసవిలోనూ పసిదైన కూతుర్ని మా అమ్మకి అప్పజెప్పి, ఆయనా ఆంటీ ఫ్రాన్సు వెళ్ళి, సైకిళ్ళు అద్దెకి తీసుకుని తీరుబడిగా ఊళ్ళు తిరిగేవాళ్ళు. లువార్ నది ఒడ్డున ద్రాక్షతోటల మధ్య కాసేపు తొక్కడం, ఎక్కడో చెట్టు కింద ఆగడం, పాత కోటలు చూడడం, అడవిలో దారి తప్పడం, మళ్ళీ తొక్కడం. ఇద్దరూ శాకాహారులు. ఆ పల్లెటూళ్ళలో రొట్టె తప్ప దిక్కులేదని ఊళ్ళో తెలుగు ఆడవాళ్ళంతా కలిసి వాళ్ళకి ప్రయాణం తిండి చేసిపెట్టేవాళ్ళు. జంతికలు ఒకరు, సున్నుండలు ఒకరు, మా ఇంటి వంతు కందిపొడి, వేయించిన అటుకులు. కందిపొడి మా నాయనమ్మ తప్ప ఇంకొకరు ముట్టడానికి వీల్లేదు.

చలి మొదలయ్యాక ఒక ఆదివారం స్లైడ్లు చూపించేవాడు. అందరం వాళ్ళ బేస్‌మెంట్‌లో చేరేవాళ్ళం. మెట్ల దగ్గర తడి బూట్లు, ఉన్ని మేజోళ్ళ కంపు, ప్రొజెక్టర్ వేడికి కాలే దుమ్ము వాసన, దాని మీదుగా పైనుంచి దిగే పులిహోర తాలింపు. స్లైడ్లు అయితేగాని భోజనాలు లేవు, అది ఆయన రూలు. ఒక్కో బొమ్మకి ఒక్కో హరికథ. ఈ కోట ఏ రాజు కట్టాడు, ఏ రాణి ఎవర్ని వెళ్ళగొట్టింది, ఈ అడవిలో అడవిపందులు ఎలా అడ్డమొచ్చాయి. మేం పిల్లలం కింద కార్పెట్ మీద కూర్చుని, చీకట్లో వంతులవారీగా పాక్కుంటూ పైకి వెళ్ళి గారెలు కొట్టుకొచ్చి పంచుకునేవాళ్ళం.

పెద్దవాళ్ళు చూసేవి వేరు. ఆంటీ చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపి, కాన్వాస్ బూట్లేసుకుని, కోట ముందు బల్ల మీద అటుకులు తింటున్న బొమ్మ ఒకటుండేది. మా అమ్మకి ఆ కోట ఎప్పుడూ కనపడలేదు. ఆంటీ చేతిలో ఉన్నది మా ఇంటి స్టీలు డబ్బా. అదుగో మన డబ్బా అని పక్కావిడని పొడిచేది. నాయనమ్మ మాత్రం ప్రతి కోటకీ ఒకటే ప్రశ్న వేసేది, ఇంత ఇల్లు రోజూ ఊడ్చేదెవరు నాయనా అని.

నాకు మటుకు ఆ బొమ్మలంటే ప్రాణం. మా ఊరు చాప పరిచినట్టుండేది. ఎటు చూసినా గోధుమ చేలు, ఆకాశం. అలాంటిది ఆ తెర మీద ఆకుపచ్చ చీకటి నిండిన అడవి, మలుపులు తిరిగే దారి, నదికి అడ్డంగా వంతెనలా కట్టిన కోట. ఒక ఏడాది స్లైడ్లయ్యాక అంకుల్ పిల్లల్ని ప్రశ్నలడిగాడు. నేను అన్నిటికీ గడగడా చెప్పేశాను, ఏ కోట తరువాత ఏ ఊరు వస్తుందో సహా. ఆయన సంబరపడిపోయి, అందరి ముందూ నా నెత్తిమీద చెయ్యి పెట్టి అన్నాడు.

"శభాష్! వచ్చే వేసవికి నిన్నూ తీసుకెళ్తాం. ఈలోగా సైకిల్ బాగా ప్రాక్టీస్ చెయ్యి."

ఇక చూసుకోండి. నాన్న ఎవరింటి గరాజ్‌లోనో అమ్ముతుంటే ఒక పాత సైకిల్ తెచ్చాడు. నాకంటే ఎత్తుది. అప్పటికే బయట మంచు. అందుకని నాన్న కర్రలతో ఒక స్టాండు కొట్టి, వెనక చక్రం నేలకి తగలకుండా మా బేస్‌మెంట్‌లో నిలబెట్టాడు. బడి నుంచి రాగానే దానిమీదెక్కి చెమటలు కారేదాకా తొక్కేదాన్ని. బరువు అలవాటవ్వాలని వెనక బియ్యం సంచీ కట్టుకున్నాను. బియ్యానికి షికారేమిటే అని అమ్మ గొణిగేది గాని విప్పలేదు. నాయనమ్మ నా పక్కనే కుర్చీ వేసుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని కందిపప్పులో రాళ్ళేరేది. మధ్యమధ్యలో తలెత్తకుండానే అడిగేది.

"ఎంతదాకా వచ్చావే?"

అడవి మొదలైంది నాయనమ్మా అనేదాన్ని. నది దాటాను అనేదాన్ని. వాన పడుతోంది, చర్చి అరుగు మీద ఆగాను అనేదాన్ని. అయితే తల తుడుచుకో అనేది ఆవిడ. ఇల్లు వెచ్చబరిచే ఆ ఫర్నేసు చప్పుడు, బట్టలుతికే సబ్బు వాసన, కందిపప్పు చేటలో గలగలమనడం, వాటి మధ్య నేను ఆ చలికాలమంతా ఫ్రాన్సులో తిరిగాను. బళ్ళో ఫ్రెంచి టీచర్ నన్ను చూసి మురిసిపోయేది. మంచినీళ్ళు దొరుకుతాయా, ఈ దారి ఎక్కడికి పోతుంది, మేం మాంసం తినం, ఇలాంటివన్నీ అడిగి మరీ నేర్చుకున్నాను.

నాన్న నాకు పాస్‌పోర్టుకి అప్లై చేశాడు. అమ్మ ముదురు నీలం గుడ్డ తెచ్చి రెండు ప్యాంట్లు కుట్టింది. చేయనిదల్లా ఒకటే, ఎవరూ అంకుల్‌ని అడగలేదు. నిజంగా తీసుకెళ్తున్నారా, టికెట్ మాటేమిటి అని ఒక్క మాట. అమ్మ అడగమంటే, ఆయనే చెబుతారులే, మనం అడిగితే బాగుండదు అన్నాడు నాన్న. అంత చేసిన మనిషిని మాట మీద నిలబడతారా అని నిలదీసినట్టవుతుందని ఆయన మొహమాటం. వసంతం వచ్చింది, చెరువులో మంచు కరిగింది, బాతులు తిరిగొచ్చాయి, నేను ఎదురుగాలిలో ఊరవతలిదాకా తొక్కి వస్తున్నాను. మా ఇంట్లో మొహమాటం మాత్రం కరగలేదు.

వాళ్ళు బయల్దేరే రోజు రానే వచ్చింది. కందిపొడి, అటుకుల డబ్బాలు పట్టుకుని నాన్నా నేనూ వెళ్ళాం. నా చేతిలో నా సంచీ కూడా ఉంది. కొత్త నీలం ప్యాంటు వేసుకున్నాను. అంకుల్ తలుపు తీసి, డబ్బాలందుకుని, నా వంకా సంచీ వంకా చూసి ఎక్కడికమ్మా ప్రయాణం అన్నాడు. మీతోనే అంకుల్ అన్నాను. ఆయన ద్వారబంధం పట్టుకుని పడీపడీ నవ్వాడు.

"ఊరికే అన్నానమ్మా! పిల్లలతో ఏదో అంటాం."

పక్కన నాన్న కూడా నవ్వాడు. కాస్త ఆలస్యంగా నవ్వాడు, కాని నవ్వాడు. అలాగే తిరిగొచ్చాం. ఇంట్లో నాయనమ్మ నా సంచీ లాక్కుని, అందులో బట్టలు తీసి మడతలు పెట్టి మళ్ళీ అలమరలో సర్దింది. ఏడవకు అనలేదు. ఆవిడ అలాంటి మాటలు అనే మనిషి కాదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆ ఏడాది స్లైడ్ల రోజున అంకుల్ ఆ కథ అందరికీ చెప్పాడు. ఈ పిల్ల పెట్టె సర్దుకుని గుమ్మంలో నిలబడింది చూడండీ అని, నా నిలబడ్డ తీరు కూడా నటించి చూపించాడు. బేస్‌మెంట్ అంతా ఘొల్లుమంది. నేను కార్పెట్ మీద కూర్చుని ఉన్నాను, లేచి పోవడానికి దారి లేదు, అందరి కాళ్ళూ అడ్డం. ఆ తరువాతి ఏడూ చెప్పాడు. నాకు పెళ్ళయిన రోజున మా ఆయనకీ చెప్పాడు. ఆ మనిషికి అది ముచ్చట. నాకు ఒళ్ళంతా కారం పూసినట్టుండేది.

ప్రతీకారం మొదలుపెట్టింది నేను కాదు, నాయనమ్మ. మరుసటి వేసవిలో ఆవిడ కొట్టిన కందిపొడి ఇల్లు దాటకముందే మాకు తుమ్ములు. చలికాలం స్లైడ్లప్పుడు అంకుల్ లబోదిబోమన్నాడు. అడవి మధ్యలో, దరిదాపుల నీళ్ళు లేనిచోట, మొదటి ముద్దకే ఇద్దరికీ కళ్ళమ్మట ధారలట. నాయనమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో నాయనా, కళ్ళు కనపడ్డం లేదు. వయసైపోయింది."

ఆవిడ కళ్ళద్దాల్లేకుండా సూదిలో దారం ఎక్కించేది. ఆ సాయంత్రం పిల్లలం కూడా మా వంతు పని చేశాం. గారెలకని పాక్కుంటూ వెళ్ళినప్పుడు ప్రొజెక్టర్ చక్రంలో స్లైడ్లన్నీ తిరగేసి పెట్టాం. కోటలు తలకిందులు, నది పైన, ఆకాశం కింద. ఆంటీ తలకిందులుగా వేలాడుతూ అటుకులు తింటోంది. మేం పొట్టలు పట్టుకుని నవ్వుతున్నాం. అయితే అంకుల్ కూడా నవ్వాడు, అందరికంటే గట్టిగా. అప్పుడర్థమైంది నాకు, ఈయనకి ఇలాంటివి తగలవని. తగిలేది ఏదో ఒకటి ఉంటుంది, దొరికేదాకా ఆగాలి అనుకున్నాను.

ఆగడం అంటే మామూలు ఆగడం కాదు. చదువయింది, కిచెనర్ అనే ఊళ్ళో ఉద్యోగం అయింది, పిల్లలయ్యారు, వాళ్ళ పిల్లలయ్యారు. నాయనమ్మ, నాన్న, అమ్మ ఒకరి వెనక ఒకరు వెళ్ళిపోయారు. ఆంటీ కూడా పోయింది. ఆవిడ పోయాక అంకుల్ రెజైనా ఇల్లమ్మేసి మిల్టన్ వచ్చి కూతురి దగ్గరుంటున్నాడు, మా వీధికి నాలుగు సందుల అవతల. ఆ కూతురే అప్పట్లో వేసవులన్నీ మా అమ్మ చంకలో గడిపింది. నన్ను అక్కా అంటుంది.

రిటైరయ్యాక, పోయిన వేసవిలో వెళ్ళాను ఫ్రాన్సు. మా ఆయన రానన్నాడు, మరీ మంచిది. బ్యాటరీ సైకిల్ ఇస్తామన్నారు, అక్కర్లేదన్నాను. లువార్ పక్కన మెల్లగా, నా మోకాళ్ళు ఒప్పుకున్నంత, తొక్కాను. పొద్దుతిరుగుడు చేలు, గులాబీలు పాకిన రాతి ఇళ్ళు, మధ్యాహ్నమైతే తలుపులు మూసుకుని నిద్రపోయే ఊళ్ళు. ఏ పల్లెలో నీళ్ళడిగినా నా బడి ఫ్రెంచికి వాళ్ళు కాస్త నవ్వి, సీసా నింపి ఇచ్చారు. అడవిలోకి తిరిగితే చల్లగా తడి ఆకుల వాసన, గొడుగుల్లాంటి ఫెర్న్ మొక్కలు, పందులు కుళ్ళగించిన మట్టి. అంతా ఆయన చెప్పినట్టే ఉంది. అదే నా బాధ. ఏ మలుపు తిరిగినా ఆయన గొంతే వినిపించేది. నది మీద కోట దగ్గర నిలబడితే ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు, ఒళ్ళు మండి. ఇది చూడాల్సింది పన్నెండేళ్ళ పిల్ల. ఆ పిల్లకి బదులు అరిగిన మోకాళ్ళేసుకుని నేనొచ్చాను. ఆంటీ కూర్చున్న బల్ల లాంటిదే ఒకటి వెతుక్కుని, అమ్మ స్టీలు డబ్బా దాని మీద పెట్టి ఫోటో తీశాను. అన్నిటికీ ఫోటోలు తీశాను. ఒక్కొక్కటి నొక్కినప్పుడల్లా, అంకుల్, ఇది మీకే అనుకున్నాను.

అలా మొన్న మా సోఫాలో కూర్చోబెట్టాను. ఒక్కో ఫోటోకి ఒక్కో హరికథ నేను చెప్పాను. మొదట్లో ఆయన అందుకోబోయాడు, ఈ కోట కట్టింది ఎవరో తెలుసా అంటూ. తెలుసంకుల్ అని నేనే చెప్పాను. తరువాత ఆయన వింటూ ఉండిపోయాడు. మెడ ముందుకు చాచి చూస్తున్నాడు. బల్ల మీద డబ్బా ఫోటో వచ్చినప్పుడు చెయ్యెత్తి ఆపమన్నాడు. అది మీ అమ్మ డబ్బా కదూ అన్నాడు. ఇంకేదో అనబోయి కళ్ళు తుడుచుకున్నాడు. ఆ క్షణాన జాలేసింది. వేసిందని చెప్పడానికి నాకు నామోషీ లేదు. తరువాతి ఫోటో నొక్కాను.

అన్నీ అయ్యాక ఆయన సోఫాలోంచి లేవలేదు. నల్లబడ్డ టీవీ వంకే చూస్తూ అడిగాడు.

"మళ్ళీ ఎప్పుడమ్మా వెళ్ళడం? ఈసారి నన్నూ తీసుకెళ్ళవూ?"

ఇన్నేళ్ళూ నేను ఆగింది ఈ మాట కోసమని నాకే తెలియదు. నా నోట్లోంచి సమాధానం దానంతటదే వచ్చింది, ఆయన మాటే, ఒక్క ముక్క పోకుండా.

"తప్పకుండా అంకుల్. వచ్చే వేసవికి మిమ్మల్నీ తీసుకెళ్తాను. ఈలోగా సైకిల్ బాగా ప్రాక్టీస్ చెయ్యండి."

ఆయన మొహంలోకి చూశాను. ఉలిక్కిపడతాడేమో, కనీసం రెప్ప వాలుస్తాడేమో అని. ఏమీ లేదు. మొహం వెలిగిపోయింది. నాకు జన్మంతా గుర్తున్న మాట ఆయనకి గుర్తే లేదు. తరువాత వడ్డిస్తే గారెలు అడిగి మరీ వేయించుకున్నాడు.

నిన్న పొద్దున ఆయన కూతురు ఫోన్ చేసింది. ఫిజియో వాళ్ళు ఇప్పించిన ఎక్సర్‌సైజ్ సైకిల్ ఒకటి ఆంటీ పోయి ఆయన ఇక్కడికొచ్చినప్పటినుంచీ వాళ్ళ బేస్‌మెంట్‌లో పడి ఉంది. ఎవరెంత బతిమాలినా ఆయన దాని మొహం చూడలేదు. ఇప్పుడు రోజూ పొద్దున్నే తనే మెట్లు దిగి వెళ్ళి తొక్కుతున్నాడట. అన్నం సరిగా తింటున్నాడట. బట్టలు వాషింగ్ మెషిన్లో వేద్దామని ఈ పిల్ల కిందికి వెళితే, ఎంతదాకా వచ్చానో అడగవే అంటాడట. అడిగితే, అడవి మొదలైంది అంటాడట.

అటునుంచి ఆ పిల్ల గొంతు తగ్గించింది.

"అక్కా, డాడ్‌ని నిజంగా తీసుకెళ్తావా, జస్ట్ అలా అన్నావా?"

ఒక్క ప్రశ్న. అడగడానికి ఎంతసేపు పట్టింది దానికి? మొహమాటం లేదు, బాగుండదేమోనన్న బెంగ లేదు. వాళ్ళ నాన్న కోసం అడిగేసింది. ఆ రోజుల్లో ఈ ప్రశ్న నా కోసం అడిగే మనిషి లేక నేను గుమ్మంలో సంచీతో నిలబడ్డాను. అంకుల్ మీద అనుకుంటూ మోసిన పగలో సగం ఎవరి మీదో నాకు ఫోన్ చేతిలో ఉండగా తెలిసొచ్చింది. ఆ గుమ్మంలో నవ్విన రెండో గొంతు మీద, మా నాన్న మీద. స్టాండు కొట్టిన చేతులు కూడా ఆయనవే.

అడిగినదానికి అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. ఊరికే అన్నాను అని చెప్పాను. తీయగా ఉంటుందనుకున్నాను ఆ మాట. ఉంది కూడా, కాస్త. అవతల, కింద ఎక్కడినుంచో, సైకిల్ చక్రం తిరుగుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తోంది. తరువాత ఆ పిల్ల, మరి డాడ్‌కి చెప్పెయ్యనా అని అడిగింది.

నాకు మా బేస్‌మెంట్ కళ్ళముందు నిలిచింది. ఫర్నేసు, సబ్బు వాసన, బియ్యం సంచీ, తలెత్తకుండా పప్పు ఏరుతున్న నాయనమ్మ. పోయిన వేసవిలో నేను చూసొచ్చిన ఫ్రాన్సు దాని కాలిగోటికి చాలదు. ఆ చలికాలం మధ్యలో ఎవరైనా వచ్చి, ఆయన ఊరికే అన్నాడే పిచ్చిదానా అని ఉంటే, నాకు అది కూడా మిగిలేది కాదు.

"చెప్పకు," అన్నాను. "తొక్కనీ."